గిట్ట మీద నంబరు

మూడు నెలల్లో ఆ కంచరగాడిదల కంపెనీకి వచ్చిన ఆర్డర్లలో అది ఏడోది. మొదటి రెండూ వచ్చినప్పుడు జవాన్లు తిట్టుకున్నారు. మూడోదానికి నవ్వుకున్నారు. నాలుగోది వచ్చేసరికి తిట్టే ఓపికా లేదు, నవ్వే ఓపికా లేదు. పొద్దున్నే వరసకట్టే ఫాలిన్‌లో నిలబడి, చదివింది విని, ఎవరి బ్రష్షు వాళ్ళు తీసుకుని మాలీషుకి పోవడం అలవాటు చేసుకున్నారు.

మాలీషు మీదే మొదటి ఆర్డరు పడింది. బరువు మోసి దిగివచ్చిన కంచరగాడిదకి ముప్పావుగంట ఒళ్ళు రుద్దాలన్నది ఆ కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి. దాన్ని పావుగంట చేశారు. డ్రైవర్లను ఇకనుంచి డ్రైవర్లు అనకూడదు, రవాణా సహాయకులు అనాలన్నారు. గాడిద పగ్గం పట్టుకుని కొండ ఎక్కేవాడికి పేరు మారినంత మాత్రాన కొండ తగ్గుతుందా? పశువుల డాక్టరు పోస్టు తీసేసి, జంతువుకి జబ్బు చేస్తే ఫోటో తీసి కిందికి పంపమన్నారు. నలభై దాటినవాళ్ళంతా డ్రోన్ల పరీక్ష రాయాలని ఐదోది వస్తే, అక్కర్లేదని ఆరోది వచ్చింది. ఈ మధ్యలో పరీక్ష కోసం కళ్ళజోళ్ళు చేయించుకున్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు ఇప్పుడు వాటితో పేకాట ఆడుతున్నారు.

ఏడోది అలాంటిది కాదు. పదిహేనేళ్ళు దాటిన జంతువులన్నిటినీ ఇరవై రోజుల్లో 'డిస్పోజల్'కి కిందికి పంపాలి. ఏది పోవాలో, ఏది ఉండాలో నంబర్ల లిస్టు పైనుంచే వచ్చింది. రెండేళ్ళలో కంపెనీయే ఉండదని, వీటి పని డ్రోన్లు చేస్తాయని చివర్లో ఒక వాక్యం కూడా ఉంది. దాన్ని కంపెనీ కమాండరు మేజర్ సర్దేశాయ్ కొంచెం గబగబా చదివేశాడు.

హవల్దార్ దీవాన్ సింగ్ కొరంగా రెండో వరసలో కుడివైపు చివర నిలబడి లిస్టు విన్నాడు. నాలుగువందల పదిహేడు అనగానే తల తిప్పి, గాడిదలు కట్టేసిన లైన్ల వైపు చూశాడు. నాలుగువందల పదిహేడు అంటే మాస్టర్నీ.

ఆ పేరు అతను పెట్టింది కాదు. వరసలో ఏ కంచరగాడిద పక్కకి జరిగినా మెడ చాచి దాన్ని సరిచేసేదని, బడిలో పంతులమ్మ లాగా ఉందని ఎవరో పెట్టారు, నిలిచిపోయింది. ముదురు గోధుమరంగు. ఎక్కడా తెల్లమచ్చ లేదు. వయసు పదిహేడు. అందులో పదకొండేళ్ళు దీవాన్ సింగ్ చేతిలోనే ఉంది. ఒక శీతాకాలం పై పోస్టు నుంచి వస్తూ అతనికి జ్వరం ముదిరి కళ్ళు తేలేస్తే, దాని తోక పట్టుకుని తొమ్మిది కిలోమీటర్లు నడిచాడు. ఎక్కువ దూరం నిద్రలోనే నడిచాడు. అతను తూలినప్పుడల్లా అది ఆగేది. ఈ మాట అతను ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. భార్య హంసికి మాత్రం చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

ఫాలిన్ అయ్యాక దీవాన్ సింగ్ ఆఫీసుకి వెళ్ళి జోషీ బల్ల ముందు నిలబడ్డాడు. జోషీ కంపెనీ గుమాస్తా, అతనిదీ దీవాన్ సింగ్ లాగే బాగేశ్వర్ వైపే, అన్నయ్య అన్నట్టు దాజ్యూ అని పిలుస్తాడు.

"డిస్పోజల్ అంటే ఏంటి జోషీ?"

"డిక్షనరీ చూశాను దాజ్యూ. వదిలించుకోవడం అని ఉంది. ఎలా వదిలించుకోవాలో రాయలేదు."

"వేలం వేస్తారా?"

"పదిహేడేళ్ళ దాన్ని ఎవడు కొంటాడు?" అని జోషీ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆ పైన అడగొద్దని అర్థం.

ఆ పైన ఏముంటుందో దీవాన్ సింగ్‌కి తెలుసు. సర్వీసులో చేరిన మూడో ఏడు, మరో కంపెనీలో ఉండగా, కాళీ అనే ముసలి గాడిదని వదిలించుకున్నారు. పగ్గం పట్టుకోవడానికి అతన్నే పిలిచారు. అది తల ఎత్తుకునే ఉంది, సూది పడటం లేదు. "నీ మాట వింటుంది కదరా, తల దించేట్టు చెయ్యి" అన్నారు. చెవి వెనక గోకితే కాళీ తల దించేది. అతను గోకాడు. అది దించింది. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు నలభై ఒకటి. ఆ చేతి మీద అతనికి ఈనాటికీ అసహ్యమే.

మర్నాడు మధ్యాహ్నం అతను లాడాల షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఉండేది నాయక్ బషారత్ హుస్సేన్. పూంఛ్ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా లాడాలు కొడుతున్నాడు, గిట్టల మీద నంబర్లు వేస్తున్నాడు. గిట్ట మనిషి గోరు లాంటిదే, పెరుగుతూ ఉంటుంది. పైన వేసిన నంబరు రెండు మూడు నెలల్లో అంచుదాకా జారి అరిగిపోతుంది. మళ్ళీ అచ్చు ఇనుములు కాల్చి కొత్తగా వాత వెయ్యాలి. గిట్టకి నొప్పి ఉండదు. కంపు మాత్రం షెడ్డంతా కమ్ముకుంటుంది.

"బషారత్ భాయీ, ఈ నెల నంబర్లు ఎప్పుడు వేస్తున్నావు?"

"ఎల్లుండి. ఏం?"

"మాస్టర్నీ మీద చమ్కీ నంబరు, చమ్కీ మీద మాస్టర్నీ నంబరు పడితే ఎట్లా ఉంటుంది?"

బషారత్ కొలిమిలో ఇనుము తిప్పాడు. చమ్కీ ఆరేళ్ళది. అదే రంగు, ఇంచుమించు అదే ఎత్తు. కొరుకుతుందన్నది తప్ప దానికి వేరే వంక లేదు.

"చిన్నదాన్ని చావుకి పంపుతావా ఉస్తాద్? నీ నోట రావాల్సిన మాటేనా ఇది?"

"ఎవరూ చావరు. కింద డిపోలో డాక్టరున్నాడు. ఏ పని చేసేముందైనా పళ్ళు చూస్తాడు. ఆరేళ్ళ పళ్ళు చూశాక సూది ఎత్తుతాడా? ఏ గుమాస్తాగాడో లెక్క తప్పాడని నాలుగు తిట్టి వెనక్కి పంపుతాడు. ఈ లోపు మంచు పడి దారి మూసుకుంటుంది. ఏప్రిల్ దాకా ఎవరూ రారు. ఏప్రిల్‌కి ఎన్ని ఆర్డర్లు మారతాయో నువ్వే చెప్పు."

బషారత్ ఆలోచించాడు. తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు. అదే అతనికి నచ్చలేదు.

"నాకు పెన్షన్‌కి తొంభై రోజులుంది."

"తెలుసు."

"నీ ప్రమోషన్ బోర్డు వచ్చే నెల."

"అదీ తెలుసు."

"ఎల్లుండి రెండింటికి నేను టీకి వెళ్తాను" అన్నాడు బషారత్. "అరగంట పడుతుంది. ఇనుములు ఎక్కడుంటాయో నీకు తెలుసు."

అన్నట్టే టీకి వెళ్ళాడు. దీవాన్ సింగ్ పాత నంబర్లను ఆకురాయితో అరగదీసి, చెమటలు కక్కుతూ రెండు జంతువులకీ కొత్తవి వేశాడు. చమ్కీ భుజం కొరికింది. మాస్టర్నీ గిట్ట ఎత్తి ఇచ్చి, తలతిప్పి అతని పని చూస్తూ నిలబడింది. చూసేవాళ్ళకి పర్యవేక్షణ చేస్తున్నట్టే ఉంటుంది.

కంపెనీలో అందరికీ తెలిసిపోయింది. తెలియకుండా ఎట్లా ఉంటుంది? రోజూ చూసే మొహాలు గిట్ట మీద అంకె మారితే మారతాయా? కానీ ఒక్కరూ నోరెత్తలేదు. ఒక్క లాన్స్ నాయక్ మోహర్ సింగ్ మాత్రం మాలీషు దగ్గర ఆగలేకపోయాడు. వాడు నోరు ఊరికే పెట్టుకునే రకం కాదు.

"దాజ్యూ, మాస్టర్నీకి పదకొండేళ్ళు తగ్గాయటగా? ఆ మందేదో మా ఆవిడక్కూడా ఓ సీసా ఇప్పించు."

"ముందు నీ నోటికేదైనా మందుందేమో చూసుకో."

తెలియనిదల్లా మేజర్ సాబ్‌కి ఒక్కడికే. ఆయన ఫిరంగుల రెజిమెంటు నుంచి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఆయనకి కంచరగాడిదలన్నీ ఒకటే.

నాలుగు రోజులు దీవాన్ సింగ్ కడుపునిండా తిన్నాడు. ఐదోరోజు ఎనిమిదో ఆర్డరు వచ్చింది. గిట్టల మీది నంబర్లు నమ్మదగినవి కావట, ప్రతి జంతువు మెడలో చర్మం కింద బియ్యపుగింజంత చిప్ పెట్టాలట. ఆర్డరు వెనకే ముగ్గురు మనుషులు, ఒక సూదితుపాకీ, ఒక కంప్యూటరు వచ్చాయి. ఒకడు గిట్ట చూసి నంబరు అరిచేవాడు, ఒకడు మెడలో కొట్టేవాడు, ఒకడు కంప్యూటరులో ఎక్కించేవాడు. నమ్మకూడదన్న నంబరునే చూసి నమ్మదగ్గ చిప్ పెట్టారు. ఇది తప్పని వాళ్ళకెవరికీ తోచలేదు. సాయంత్రానికల్లా పని ముగించుకుని పకోడీలు తిని వెళ్ళిపోయారు. మాస్టర్నీ చర్మం కింద ఆరేళ్ళ ఎనిమిదివందల అరవైమూడు, చమ్కీ చర్మం కింద పదిహేడేళ్ళ నాలుగువందల పదిహేడు.

"ఇంకా మంచిదేలే. ఇప్పుడు దాన్నెవరూ ముసలిదనలేరు" అన్నాడు దీవాన్ సింగ్.

బషారత్ చేతిలో లాడం తిరగేసి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.

వారం తిరగకుండా తొమ్మిదోది వచ్చింది. పొద్దున్నే చలిలో, చేతులు చంకల్లో పెట్టుకోవాలనిపించే వేళ, మేజర్ అలవాటు ప్రకారం ముక్కు చీదుకుని చదివాడు. ఏడో ఆర్డరును సవరించడమైనది. దేశానికి సేవచేసిన వృద్ధ జంతువులను గౌరవంగా విశ్రాంతికి పంపాలని నిర్ణయమైనది. కొండల కింద పచ్చిక ఉన్న ఫారంలో వాటికి బతికున్నంతకాలం పూర్తి రేషను. అందుకు లారీ పదమూడో తేదీన వస్తుంది. ఇకపోతే, పై పోస్టులో గాలులకు డ్రోన్లు నిలవడం లేదు కనుక, పదేళ్ళలోపు జంతువులన్నీ దారి మూసుకోకముందే పైకి చేరాలి. ఏప్రిల్ దాకా అక్కడే ఉండాలి. అవి పద్నాలుగో తేదీన బయల్దేరాలి.

వరసలో ఎవరో సన్నగా ఈల వేసినట్టు ఊపిరి వదిలారు. ఎవరూ దీవాన్ సింగ్ వైపు చూడలేదు. అంతమంది చూడకుండా ఉండటం అతని వీపుకి తెలుస్తూనే ఉంది.

ఆ రోజు మాలీషు పావుగంటలో ముగించలేదతను. మాస్టర్నీ ముంగాలి మోకాలు రెండేళ్ళ నుంచి వాస్తూ తగ్గుతూ ఉంది. పదకొండువేల అడుగుల మీదే దాని డొక్కలు ఎగసిపడుతున్నాయి. చిప్ లెక్కలో అది ఆరేళ్ళది, పై పోస్టుకి పోవాల్సిందే. అక్కడ పదహారువేల అడుగుల మీద, రోజుకు రెండు ట్రిప్పులు, వీపున డెబ్భై కిలోల కిరసనాయిలు. నెల కూడా బతకదు. కాళీని చంపడానికి ఒక్క సూది సరిపోయింది. దీన్ని తానే మెట్టు మెట్టుగా చంపుతాడు, అదీ తన తెలివితోనే. ఎంత దద్దమ్మనురా నేను అనుకున్నాడు. బ్రష్షు కింద పడేసి దాని డొక్కకి నుదురానించి నిలబడ్డాడు.

బషారత్ వచ్చి పక్కన నిలబడి అడిగాడు.

"లారీలో చమ్కీ బదులు దీన్ని ఎక్కించేస్తే?"

"ఎక్కించేటప్పుడు మెడకి చిప్ చదివే మిషను పెడతారు. నంబరు కలవకపోతే వేరే కూత పెడుతుంది. మొన్న చూశాగా."

"గిట్టయితే మళ్ళీ అరగదీసేవాణ్ణి" అన్నాడు బషారత్ చేతులు చూసుకుంటూ. "మెడలో ఉన్నదాన్ని నేనేం చెయ్యను?"

"పోయి చెప్పేస్తాను."

"చెప్తే ఎర్రసిరా పడుతుంది. బోర్డుకి పట్టుమని పది రోజుల్లేవు. ఇరవై రెండేళ్ళు ఒక్క మచ్చ లేకుండా చేశావు."

దీవాన్ సింగ్‌కి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక్క వాక్యం రాస్తే చాలు, నాయబ్ సుబేదారు కావడమన్నది ఇక ఉండదు. హవల్దారుగానే ఇంటికి పోతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు హంసిని అప్పుడే సుబేదార్నీ అని పిలుస్తున్నారు. గడ్డి మోపు తలమీద పెట్టుకుని దిగుతూ, "ఊరుకోండే" అంటుందిగానీ, ఆవిడకి ఎంత ఇష్టమో ఫోనులో గొంతే చెబుతుంది. బోర్డు తారీకు ఆవిడకి అతనికన్నా బాగా గుర్తు.

రెండు రోజులు అతను ఏమీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్నాడు. తనూ దానితో పాటే పైకి పోతాడు కదా, బరువు తక్కువ వేస్తాడు, మోకాలికి కట్టు కడతాడు, ఎట్లాగో గట్టెక్కిస్తాడు. ఇట్లా తనకి తానే నచ్చచెప్పుకుంటూ పన్నెండో తేదీ పొద్దున పైకి తీసుకుపోవాల్సిన సామాను సర్దుతున్నాడు. సర్దుతూ సర్దుతూ, చచ్చిన జంతువు కోసం రాసే ఫారం ఒకటి ముందుగానే మడిచి సంచీలో పెట్టుకుంటున్నానని గమనించాడు. సంచీ అక్కడే వదిలేసి ఆఫీసుకి నడిచాడు.

మేజర్ సర్దేశాయ్ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక కళ్ళద్దాలు తీసి, రెండు బొటనవేళ్ళతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"దీవాన్ సింగ్, ఈ వారం నాకు పద్నాలుగు లెటర్లొచ్చాయి. పన్నెండింటికి 'అమలు చేశాం' అని జవాబు రాశాను. వాటిలో ఆరు దేని గురించో కూడా నాకు గుర్తులేదు. ఇప్పుడు నువ్వొచ్చి వాటిలో ఒకటి అబద్ధమంటున్నావు."

"అవును సాబ్."

"లిస్టు పైకి వెళ్ళిపోయింది. నేను ఇది వినలేదు. నువ్వు చెప్పలేదు. నీ బోర్డు పద్దెనిమిదో తారీకు. వెళ్ళు."

దీవాన్ సింగ్ సెల్యూట్ కొట్టాడు. కొట్టి, కదల్లేదు.

"ఏంటింకా?"

"సాబ్, ఒక్కసారి వచ్చి దాని నోరు చూడండి. చూశాక కూడా పైకి పంపమంటే పంపుతాను. ఆ పైన ఒక్క మాట అడగను."

మేజర్ వెంటనే లేవలేదు. బల్ల మీదున్న కాగితాలు చూశాడు. అవి చదవడం కన్నా గాడిద నోరు చూడటమే తేలికనిపించిందో ఏమో, టోపీ పెట్టుకున్నాడు.

లైన్లలో మాలీషు జరుగుతోంది. మేజర్ రావడం చూసి బ్రష్షులు ఆగిపోయాయి. దీవాన్ సింగ్ మాస్టర్నీ పక్కన నిలబడి, నాలుక పక్కకి లాగి పట్టుకుని, పెదవి ఎత్తి చూపించాడు. ముందుపళ్ళు పసుపెక్కి, పొడుగ్గా సాగి, ముందుకి వంగి ఉన్నాయి. మూలపన్ను మీద పైనుంచి సగం దాటి దిగిన గోధుమరంగు గాడి, వయసు చెప్పే గుర్తు.

"చెయ్యి పెట్టి చూడండి సాబ్. కరవదు."

మేజర్ భయపడుతూనే వేలు పెట్టాడు. తర్వాత చమ్కీ నోరు చూశాడు. తెల్లగా, నిటారుగా, చిన్నపిల్ల పళ్ళు. అది కరవబోయింది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. వెనక మోహర్ సింగ్ దగ్గు వచ్చినట్టు నటించాడు.

"పదిహేనేళ్ళ సర్వీసులో వీటి నోట్లో చెయ్యి పెట్టి చూడమని నాకెవ్వరూ ఆర్డరివ్వలేదు" అన్నాడు మేజర్ చెయ్యి తుడుచుకుంటూ. ఎవరితో అన్నాడో తెలియలేదు. తర్వాత మాస్టర్నీ గిట్ట ఎత్తించి చూశాడు. "ఇది నువ్వే వేశావా?"

"నేనే సాబ్. ఒక్కణ్ణే."

"ఇంత చక్కగానా? అచ్చు కొట్టినట్టుందే."

దీవాన్ సింగ్ కూడా అప్పుడే సరిగ్గా చూశాడు. తను వేసిన ఎనిమిది వంకరగా పడింది. బాగా గుర్తు. ఇప్పుడది నిటారుగా ఉంది.

బషారత్ వరస దాటి ముందుకొచ్చాడు. పనిలోంచి లేచి వచ్చాడేమో, చేతిలో ఆకురాయి అలాగే ఉంది.

"ఎనిమిది నేను సరిచేశాను సాబ్."

"నువ్వెందుకు చేశావయ్యా?"

"వంకరగా ఉంది సాబ్. ముప్ఫై ఏళ్ళల్లో నా షెడ్డులోంచి వంకర నంబరు బయటికి పోలేదు. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"నేరం బయటపెట్టాల్సింది పోయి, దాన్ని అందంగా దిద్దావన్నమాట!"

"తప్పే సాబ్. నా పేరు కూడా రాయండి."

"వీడికేం సంబంధం లేదు సాబ్, టీకి వెళ్ళాడు" అని దీవాన్ సింగ్ అడ్డొచ్చాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారు. మేజర్ చెయ్యెత్తి, ఇద్దర్నీ ఆఫీసుకి నడవమన్నాడు.

ఆఫీసులో జోషీ కంప్యూటరు ముందు కూర్చుని ఫారం తెరిచాడు. చిప్ నంబరు సవరణకి కారణం రాయాలి. కారణం కింద, బాధ్యుడైన వ్యక్తి పేరు. ఆ గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకి పోదు. మేజర్ రెండుసార్లు ఖాళీగా వదిలించి చూశాడు. రెండుసార్లూ ఎర్రగీత వచ్చింది.

"నా పేరు రాయి జోషీ" అన్నాడు దీవాన్ సింగ్.

"నాదీ" అన్నాడు బషారత్.

జోషీ కొట్టి చూశాడు. "ఒక్క పేరే పడుతుంది సాబ్. రెండో పేరుకి చోటు లేదు."

మేజర్ బషారత్ వైపు తిరిగాడు. "విన్నావుగా. కంప్యూటరు నిన్ను వద్దంటోంది. పోయి లాడాలు కొట్టుకో."

బషారత్ కదల్లేదు. దీవాన్ సింగ్ అతని భుజం మీద చెయ్యేసి, "తొంభై రోజులు కూడా లేవు భాయీ, పో" అన్నాడు. అప్పుడు వెళ్ళాడు. గుమ్మం దాకా వెళ్ళి ముక్కు చీదుకోవడం అందరికీ వినపడింది.

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు మేజర్. "ఇది కొట్టాక నేను ఎర్రసిరా రాయక తప్పదు. బోర్డు నుంచి నీ పేరు ఈ సాయంత్రమే తీసేస్తారు."

"ఆలోచించే వచ్చాను సాబ్."

జోషీ పేరు కొట్టాడు. ప్రతి అక్షరానికీ ఆగి ఆగి కొట్టాడు.

పదమూడో తేదీ లారీ వచ్చింది. మెడకి మిషను పెడితే సరైన కూతే కూసింది. మాస్టర్నీ పలక మీదుగా ఎక్కి, లోపలున్న ముసలివాటిని మెడతో ఓ పక్కకి జరిపి వరసలో నిలబెట్టి, తను చివర నిలబడింది. వెనక్కి చూడలేదు. గాడిదలు వెనక్కి చూడవు. మనుషులే ఏదో అనుకుంటారు. మలుపు తిరిగేదాకా లైన్లలో అందరూ నిలబడ్డారు. మోహర్ సింగ్ కూడా ఆ కాసేపు నోరు మూసుకుని ఉన్నాడు.

ఫోను అందేది నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక్కచోటే. మధ్యాహ్నం అక్కడికి పోయి హంసికి చేశాడు. ఆవిడ కొండచరియ మీద గడ్డి కోస్తోంది, కొడవలి చప్పుడు వినిపిస్తోంది.

"బోర్డు ఇంకా ఐదు రోజులుందిగా?" అంది ఎత్తడంతోనే.

"నా పేరు తీసేశారు."

కొడవలి ఆగింది. అతను మొత్తం చెప్పాడు. దాచకుండా, మొదటి నుంచీ చెప్పాడు.

"హంసీ?"

"ఇద్దరు పిల్లలు పుట్టారు, నువ్వు లేవు" అంది. గొంతు మామూలుగానే ఉంది. అదే భయం వేసింది అతనికి. "అత్తయ్య పోయింది, మూడోరోజుకి వచ్చావు. సెలవు లేదన్నావు, ఆర్డరు మారిందన్నావు, దారి మూసుకుందన్నావు. ఏమన్నా అన్నానా?"

"లేదు."

"ఒక్కసారైనా ఆ సాబ్ ముందుకి పోయి, నా పేరు రాసుకోండి, నేను మా ఆవిడ దగ్గరికి పోవాలి అన్నావా?"

ఇరవై రెండేళ్ళలో తనకి ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదన్నది నిజం. ఆ నిజం నోటితో చెప్పడానికి సిగ్గేసింది.

ఆవిడ కోసిన గడ్డి పక్కకి నెట్టుకున్న చప్పుడైంది.

"దానికి అక్కడ గడ్డి ఎవరు కోస్తారు?"

"సర్కారు మనుషులుంటారట."

"ఉంటారట!" అంది. "ముసలిదానికి ఈనెలు తీసి, లేతది ఏరి వెయ్యాలి. అది వాళ్ళకి తెలుసా?"

"తెలియదు."

"ఇంకెంతకాలం నీకు?"

"పద్దెనిమిది నెలలు. ముందే వదిలిపెట్టమని అర్జీ పెట్టుకోవచ్చు. భుజాన ప్రమోషన్ స్టారు రానివాడు పెట్టుకుంటే ఎవరూ కాదనరు."

"అయితే పెట్టు. అది దిగిపోయిందిగా. నువ్వూ దిగిరా."

కొడవలి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు, మాట్లాడనూ లేదు. దీవాన్ సింగ్ ట్యాంకు పక్కన రాయి మీద కూర్చుని, చార్జి అయిపోయేదాకా ఆ చప్పుడు వింటూ ఏడ్చాడు.